వెన్నుపాముకు విద్యుత్తు ఇచ్చే వైద్యం: ఎంపీసీ చదివే అమ్మాయికి దారి ఏది?

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర పల్లె. ఆరేళ్ల క్రితం తాటిచెట్టెక్కి ముంజలు కోస్తూ జారిపడ్డాను. వెన్నుపూస విరిగి నడుము కింద కదలిక పోయింది, చక్రాల కుర్చీలోనే ఉంటున్నాను. మా అమ్మాయి ఒంగోలులో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. వెన్నుపాముకు కరెంటు ఇచ్చి మనుషులను నడిపిస్తున్న వీడియో చూసినప్పటి నుంచి కంప్యూటర్ సైన్స్ వద్దని, ఆ చదువే చదివి నన్ను నడిపిస్తానని అంటోంది. అలాంటి చదువు ఉందా? పంపవచ్చా?

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి మీ అమ్మాయి చదువు గురించినది. రెండోది మీరు నేరుగా అడగకపోయినా మీ కాళ్ల గురించినది. ముందు రెండోదానికి జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ వైద్యం ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే దానికి ఏయే చదువులు అవసరమో తెలుస్తుంది.

మన పల్లెల్లో కాలు కదలకపోతే చాలు, పక్షవాతం అనేస్తారు. మెదడులో రక్తనాళం పూడుకుపోయి ఒక పక్క పడిపోవడం వేరు, వెన్నుపాము దెబ్బతిని నడుము కింద కదలిక పోవడం వేరు. రెండో సందర్భంలో మెదడు బాగానే ఉంటుంది, ఆజ్ఞ వెళ్లే దారి మధ్యలో తెగిపోతుంది. కాళ్లను ఆడించే నాడీ వలయాలు వెన్నుపాము దిగువ భాగంలో ఉంటాయి. దెబ్బ వాటికి పైన తగిలితే అవి చెడిపోవు, ఆజ్ఞ అందక ఊరకే ఉండిపోతాయి. వెన్నుపామును కప్పి ఉండే పొర మీద ఎలక్ట్రోడ్ల పట్టీని శస్త్రచికిత్స ద్వారా అమర్చి, శరీరంలోనే చర్మం కింద ఉంచిన బ్యాటరీ పరికరం నుంచి సన్నని విద్యుత్ ప్రకంపనలు పంపితే, కాళ్ల నుంచి వెన్నుపాములోకి సమాచారం తెచ్చే తంతువులు ఉత్తేజం పొంది ఆ వలయాలను సిద్ధంగా ఉంచుతాయి. దెబ్బ తగిలిన చోట కొన్ని తంతువులైనా మిగిలి ఉంటే, అంతవరకు చాలకుండా పోయిన మెదడు ఆజ్ఞ అప్పుడు పనిచేయడం మొదలుపెడుతుంది. లో వోల్టేజీలో మూలుగుతూ తిరగని మోటారుకు కాస్త ఊతమిస్తే తిరిగినట్టు అనుకోండి. పోలిక పూర్తిగా సరిపోదు గాని, రైతు ఇంట్లో సులువుగా అర్థమవుతుంది. దెబ్బ మరీ కిందికి, ఆ వలయాల మీదే తగిలి ఉంటే మాత్రం ఈ లెక్క వర్తించదు.

నొప్పి తగ్గించడానికి ఇలాంటి పరికరాలను 1960ల చివరి నుంచే వాడుతున్నారు. కదలిక కోసం వాడినప్పుడు ఫలితం కనిపించిందని 2011లో అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయంలో సూసన్ హార్కెమా బృందం లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. 2018లో లూయీవిల్, మేయో క్లినిక్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్ బృందాలు మూడూ కొద్ది మందిని నడిపించగలిగాయి. లోజాన్ బృందమే 2023లో మెదడు మీద, వెన్నుపాము మీద పరికరాలు అమర్చి, రెండింటినీ తీగ లేకుండా కలిపి, గెర్ట్ యాన్ ఆస్కమ్ అనే డచ్చి వ్యక్తి తన ఆలోచనతోనే అడుగులు వేసేలా చేసింది. మీ అమ్మాయి చూసిన వీడియో బహుశా వీటిలో ఏదో ఒకటి అయివుంటుంది. వీడియోలో సరిగా కనిపించనివి మూడున్నాయి. ఆ మనుషులు నెలల తరబడి, రోజూ గంటల కొద్దీ సాధన చేశారు. నడిచేటప్పుడు కూడా చాలామంది వాకరునో, ఊతకర్రలనో పట్టుకునే నడిచారు. పరికరం ఆపితే ఎక్కువమందిలో ఆ నడక నిలిచిపోతుంది, కొందరిలో మాత్రమే కొంత కదలిక మిగులుతుంది.

కోత లేకుండా చర్మం పైనుంచే ప్రకంపనలు ఇచ్చే పరికరం కూడా వచ్చింది. 60 మంది మీద జరిగిన పరీక్షలో 72 శాతం మందికి చేతుల బలం, పనితనం రెండూ మెరుగుపడ్డాయని 2024లో ప్రకటించారు; ఆ ఏడాది డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. అయితే ఆ అనుమతి మెడ దగ్గర దెబ్బ తగిలి చేతులు సరిగా పనిచేయని వారి కోసం, నడక కోసం కాదు. అందుచేత ఎవరైనా మీ దగ్గరకు వచ్చి కరెంటుతోనో, మూలకణాల (స్టెమ్ సెల్) ఇంజెక్షన్లతోనో నడిపిస్తామని లక్షలు అడిగితే పొలం అమ్మి ఇవ్వకండి. వెన్నుపాము దెబ్బకు మూలకణ చికిత్సను పరిశోధనగా తప్ప మామూలు వైద్యంగా ఇవ్వరాదని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

ఇక చదువు. వెన్నుపాము ఉత్తేజనం అనే పేరుతో డిగ్రీ లేదు, ఉండనవసరం లేదు. లోజాన్ పరిశోధనకు నాయకత్వం వహించినవారిలో జోస్లిన్ బ్లోక్ న్యూరోసర్జన్. గ్రెగ్వార్ కూర్టీన్ మొదట గణితం, భౌతికశాస్త్రం చదివి, ఆ తర్వాత నాడీశాస్త్రం వైపు వచ్చినవాడు. వారి చుట్టూ ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, రోగిని రోజూ నిలబెట్టి అడుగు వేయించే ఫిజియోథెరపిస్టులు ఉంటారు. నా దృష్టిలో ఆ చివరివారి శ్రమకే మన పత్రికల్లో అన్నిటికన్నా తక్కువ చోటు దొరుకుతోంది. మీ అమ్మాయి ఎంపీసీ కాబట్టి వైద్యం, ఫిజియోథెరపీ ఆమెకు నేరుగా అందవు. వాటికి బయాలజీ ఉండాలి. ఆమెకు తెరిచి ఉన్నది ఇంజినీరింగ్ ద్వారం, అదేమీ చిన్నది కాదు.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే ఐఐటీ హైదరాబాదులో బయోమెడికల్ ఇంజినీరింగ్ బీటెక్ ఉంది. ఐఐటీ మద్రాసులో వైద్యశాస్త్రాన్ని, ఇంజినీరింగును కలిపి బోధించే నాలుగేళ్ల బీఎస్ కోర్సు ఉంది. దానికి జేఈఈకి బదులు ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థల ఆప్టిట్యూడ్ పరీక్ష రాయాలి, ఈ సంగతి మన జిల్లాలో చాలామందికి తెలియక ఏటా గడువు దాటిపోతోంది. ఈ రెండూ అందకపోతే ఈఏపీసెట్ ర్యాంకుతో బయోమెడికల్ అనే పేరు కోసం ఏదో ఒక కాలేజీలో చేర్చవద్దు. అధ్యాపకులు, ప్రయోగశాలలు బాగున్న కాలేజీలో ఈసీఈ గాని ఈఈఈ గాని చదివించండి. ప్రకంపనలు పుట్టించే సర్క్యూట్, శరీరం నుంచి వచ్చే సంకేతాలను చదివే గణితం, ఏళ్ల తరబడి నిలవాల్సిన బ్యాటరీ, ఇవన్నీ ఆ బ్రాంచీల పాఠాలే. పైగా నాలుగేళ్ల తర్వాత మనసు మారితే వేరే ఉద్యోగానికి దారి మూసుకుపోదు. పదిహేడేళ్ల వయసులో తీసుకున్న నిర్ణయానికి ఆ వెసులుబాటు ఉండాలని నా అభిప్రాయం. బయోమెడికల్ విభాగాల్లో పనిచేసే మిత్రులు కొందరు దీనికి ఒప్పుకోరని కూడా తెలుసు.

బీటెక్ అయ్యాక ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయాలి, అందులో బయోమెడికల్ ఇంజినీరింగుకు ప్రత్యేక పేపరు ఉంది. ఐఐటీ మద్రాసు, వేలూరు సీఎంసీ ఆసుపత్రి, తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థ కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్‌ను ఆమె ఇప్పటి నుంచే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే అందులో ఇంజినీరు ఆసుపత్రిలోనే నేర్చుకుంటాడు. చక్రాల కుర్చీలు, కృత్రిమ అవయవాల మీద పనిచేసే పరిశోధన కేంద్రం కూడా ఐఐటీ మద్రాసులో ఉంది. తర్వాత పీహెచ్‌డీకి వెళితే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, దానికి ఇంటి అద్దె భత్యం అదనం. సాఫ్ట్‌వేర్ కొలువులో చేరిన స్నేహితులు అప్పటికి ఎక్కువే సంపాదిస్తుంటారు, ఇది ముందే చెప్పి పంపండి. ఉద్యోగాలు వైద్య పరికరాల కంపెనీల్లో, పెద్ద ఆసుపత్రుల్లో, విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్ వంటి చోట్ల ఉంటాయి. వెన్నుపాము ఉత్తేజనం ఒక్కదానినే నమ్ముకుంటే మన దేశంలో అవకాశాలు తక్కువ. ఖర్చు విషయంలో ఫీజు రీయింబర్స్‌మెంటుతో పాటు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలకు లోపు ఉన్న ఆడపిల్లలకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఏటా 50,000 రూపాయలు ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ గురించి కాలేజీలో చేరిన ఏడాదే కనుక్కోండి.

వేలూరు పేరు ఎత్తాను కాబట్టి ఒక సంగతి. మేరీ వర్గీస్ అనే వైద్యురాలు 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని మీలాగే నడుము కింద కదలిక కోల్పోయారు. చక్రాల కుర్చీలోనే కూర్చొని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు, అమెరికాలో పునరావాస వైద్యం నేర్చుకొని వచ్చారు, 1966లో వేలూరులో ప్రారంభమైన పునరావాస కేంద్రానికి మూలమయ్యారు. ఆమె తిరిగి నడవలేదు. మీ ఇద్దరూ ఒకసారి వేలూరు వెళ్లి రావడం మంచిదని నా సలహా; తిరుపతి దాకా వెళ్లగలిగినవారికి అది అట్టే దూరం కాదు. అక్కడ మీకు మూత్రం, చర్మం, కుర్చీ విషయాల్లో పనికివచ్చే మాటలు దొరుకుతాయి, ఆమెకు తాను చేరదలచిన లోకం కళ్ల ముందు కనిపిస్తుంది. అంత దూరం ఇప్పుడే కుదరకపోతే నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పునరావాస కేంద్రాన్ని, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగాన్ని పరీక్షల తర్వాత చూపించండి.

కాబట్టి పంపండి. పంపే ముందు మాత్రం నిన్ను నడిపిస్తానన్న ఆ మాట నుంచి ఆమెను మీరే విడిపించాలి. ఆమె ఆ చదువు ముగించి ఒక ప్రయోగశాలలో నిలదొక్కుకునేసరికి పదేళ్లు పడుతుంది, అప్పటికి మీ వయసు, మీ దెబ్బ స్వభావం ఈ వైద్యానికి అనుకూలంగా ఉంటాయన్న హామీ లేదు. మీరు నడవకపోతే తాను ఓడిపోయానని ఆమె అనుకోకూడదు.

ఈ మాట చెప్పడం మీకు కష్టమైతే మరో విధంగా మొదలుపెట్టండి. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామంది నడక కన్నా మూత్రం, మలం మీద అదుపు, శరీరం మీద పుండ్లు పడకుండా ఉండడం, నిద్రపట్టడం ముఖ్యమని చెబుతారు. ఇదే విద్యుత్ ఉత్తేజనంతో రక్తపోటును, మూత్రాశయాన్ని అదుపులో పెట్టే పరిశోధనలు కూడా జరుగుతున్నాయి. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా మిమ్మల్ని ఏది ఎక్కువగా బాధిస్తుందో, ఒక వారం పాటు ఆమెనే పక్కన కూర్చోబెట్టుకొని నోట్‌బుక్‌లో రాయించండి. రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఈ రంగమే ఎందుకని అడిగినప్పుడు ఆమె చెప్పే జవాబులో ఆ నోట్‌బుక్‌లోని సంగతులు ఉంటాయి.