అలర్జీ టెస్టుకు ముందు గుర్రానికి ఏ సూది వేశారో చెప్పండి

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రం ఉంది. రెండేళ్లుగా వానలు మొదలైతే చాలు జూలు, తోక మొదలు గోడకేసి రాసుకుంటోంది, మెడ నిండా దద్దుర్లు లేస్తున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన సూది వేస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ మొదలవుతోంది. ఎవిల్ మాత్రలు కూడా పెడుతున్నాం. అలర్జీ టెస్టు చేయిస్తే ఏది పడట్లేదో తెలుస్తుందంటున్నారు. దానికి మందులు ఆపాలా? ఉలవలు పడట్లేదేమో అని కూడా అనుమానం. శ్రావణంలో పెళ్లిళ్లున్నాయి, త్వరగా చెప్పగలరు.

జవాబు: టెస్టు సంగతికి వస్తాను. ముందు ఆ సూది పేరేమిటి? మీరు గుర్రం వయసు రాయలేదు, బరువు రాయలేదు, వేసిన మందు పేరూ రాయలేదు. వేయగానే తగ్గి, నాలుగు రోజులకే తిరగబెడుతోందంటే అది డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ అయి ఉండొచ్చని నా అనుమానం. సీసా ఇంకా ఉంటే పారేయకండి. లేబుల్ మీద మందు పేరు, ఎంఎల్‌కు ఎన్ని మిల్లీగ్రాములో కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. ఎన్నిసార్లు వేశారో, చివరిసారి ఎప్పుడు వేశారో క్యాలెండర్ చూసి రాసుకోండి. టెస్టు చేసే డాక్టరు మొదట అడిగేది అదే.

చర్మం మీద చేసే టెస్టులో మెడ పక్కన వెంట్రుకలు గొరిగి, వరుసగా గుర్తులు పెట్టి, ఒక్కో చోట ఒక్కో అలర్జీ పదార్థాన్ని చర్మం పొరలోకి చుక్కంత ఎక్కిస్తారు. ఒక చోట ఉత్త సెలైన్, ఇంకో చోట హిస్టమిన్ (అలర్జీలో దద్దురు లేపే పదార్థం) ఎక్కిస్తారు. హిస్టమిన్ ఎక్కించిన చోట అరగంటలోపు ఏ గుర్రానికైనా బుడిపె లేవాలి. లేవలేదంటే ఒంట్లో మందు ఇంకా పనిచేస్తోందని అనుమానించాలి. అప్పుడు మిగతా చోట్ల ఏమీ లేవకపోయినా అలర్జీ లేదని చెప్పలేం. డబ్బు, ప్రయాణం వృథా. పైగా 'టెస్టులో ఏమీ లేదన్నారు' అని మీరు మళ్లీ ఆ సూది దగ్గరికే వెళ్తారు. నా భయం అదే.

మామూలుగా ఎవిల్ లాంటి యాంటీహిస్టమిన్ మందులు వారం నుంచి రెండు వారాల ముందు ఆపమంటాం. డెక్సా, ప్రెడ్నిసోలోన్ అయితే రెండు నుంచి నాలుగు వారాలు. ట్రయామ్సినోలోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్ లాంటి నెమ్మదిగా కరిగే డిపో ఇంజక్షన్లు పడి ఉంటే రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆగాలి. స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు, స్ప్రేలు కూడా లెక్కలోకి వస్తాయి. మనుషులకు వాడే దురద ట్యూబు రాసి ఉంటే అదీ చెప్పండి. మీ గుర్రానికి కచ్చితంగా ఎన్ని రోజులన్నది టెస్టు చేసే చోటే చెప్పాలి. గుర్రాన్ని కదలకుండా నిలబెట్టే మత్తు మందు విషయం కూడా వాళ్లే చూసుకుంటారు. జైలజీన్‌తో ఇబ్బంది లేదు. ఏస్‌ప్రోమజీన్‌కు మాత్రం యాంటీహిస్టమిన్ గుణం ఉంది, అందుకే ఆ రోజు వాడరు.

అలర్జీకి రక్త పరీక్ష కూడా ఉంది, దాని మీద ఈ మందుల ప్రభావం తక్కువే. అయినా లాబ్‌కు మందుల వివరాలు రాసి పంపాలి. ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లో కూడా కొన్ని పాజిటివ్‌లు వస్తుంటాయి. కాబట్టి ఏ టెస్టయినా డాక్టరు గుర్రాన్ని చూసి, మిగతా కారణాలు కొట్టేసిన తర్వాత చేయించేదే.

ఇది చదివి రేపే అన్ని మందులూ ఆపేయకండి. స్టెరాయిడ్ వారాల తరబడి పడి ఉంటే ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. టెస్టు కోసం ఆగి ఉన్న రోజుల్లో మూతి, కనురెప్పలు వాచినా, ఊపిరి కష్టంగా తీస్తున్నా టెస్టు సంగతి వదిలేయండి, వెంటనే వైద్యం చేయించండి. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఇక మీరు అడగని విషయం. గుర్రాలకు స్టెరాయిడ్ ఎక్కువైతే గిట్ట లోపల వాపు వచ్చే ప్రమాదం ఉంది. లామినైటిస్ అంటాం. గిట్ట వేడిగా ఉండటం, ముందు కాళ్ల మీద బరువు మార్చి మార్చి మోపడం, రాళ్ల మీద నడుస్తున్నట్టు అడుగు వేయడం దాని గుర్తులు. ముదిరితే ఆ గుర్రం మళ్లీ ఊరేగింపుకు పనికిరాకపోవచ్చు, నిలబడటమే నరకమవుతుంది. పెళ్లి రోజుకు దద్దుర్లు కనపడకుండా ఉండాలని ముందురోజు సూది వేయించి, తారు రోడ్డు మీద బ్యాండు ముందు గంటలు గంటలు నిలబెట్టే వాళ్లను చూస్తున్నాను. దయచేసి మీరు ఆ పని చేయకండి. మెడికల్ షాపు అబ్బాయి గుర్రాన్ని చూడలేదు, రేపు గిట్ట వాస్తే బాధ్యుడూ కాడు. రెండేళ్లుగా ఇలా నెట్టుకొచ్చారు కదా, మొదటి వానాకాలంలోనే చూపించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో.

వానాకాలంలోనే రావడం, జూలు, తోక దగ్గరే దురద ఉండటం చూస్తే క్యూలికాయిడ్స్ అనే సన్నటి పురుగులు కుట్టడం వల్ల వచ్చే అలర్జీ కావచ్చు. అవి బురదలో, తడి పేడలో పెరుగుతాయి, మునిమాపు, తెల్లవారుజామున ఎక్కువగా కుడతాయి. ఆ వేళల్లో గుర్రాన్ని పాకలో ఉంచి పెద్ద ఫ్యాను పెట్టండి, గాలికి అవి ఎగరలేవు. పేడ రోజూ దూరంగా తీసేయండి. దీనికి ఏ మందూ ఆపక్కర్లేదు, ఈ రోజే మొదలుపెట్టొచ్చు. బూజు పట్టిన వేరుశనగ కట్టె మేతగా వేస్తుంటే మానేయండి.

తోక రాసుకోవడానికి నులిపురుగులు, గజ్జి, పేలు కూడా కారణం కావచ్చు. వెంట్రుకలు గుండ్రంగా ఊడుతుంటే అది తామర కావచ్చు, మనుషులకూ అంటుతుంది. పెళ్లికొడుకునీ పిల్లల్నీ ఎక్కించే గుర్రం కదా, డాక్టరు చూసి సరే అనేదాకా బేరాలు ఒప్పుకోకండి. చర్మం మీద గడ్డలు పగిలి చీము కారుతున్నా, ముక్కు నుంచి చిక్కటి చీమిడి వస్తున్నా గ్లాండర్స్ కాదని తేల్చుకోవాలి. అది మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు. అలాంటిది కనపడితే గుర్రాన్ని విడిగా కట్టేసి అదే రోజు పశువుల ఆసుపత్రికి చెప్పండి.

ఉలవల సంగతి ఈ టెస్టులతో తేలదు. డాక్టరు సలహాతో కొన్ని వారాలు దాణా మార్చి, మళ్లీ పెట్టి చూడాల్సిందే. గుర్రాన్ని చూడకుండా మందు మోతాదు రాయలేను. మీ ఊరి పశువైద్యుడికి చూపించి, అవసరమంటే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు రాయించుకోండి. వెళ్లేటప్పుడు ఆ సీసా, ఎవిల్ పట్టీ, తేదీల కాగితం వెంట తీసుకెళ్లండి.