సర్కారు, ప్రభుత్వం, రాజ్యం

సందేహం: మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలను 'ప్రభుత్వం అంటే ఏమిటి?' అని రాయమంటే, ఒక అమ్మాయి 'సర్కారు అంటే మా అవ్వకు పింఛను ఇచ్చేది, మా చెలక మాదేనని కాగితం ఇచ్చేది' అని రాసింది. 'సర్కారు' తెలుగు మాట కాదు, కొట్టివేసి 'ప్రభుత్వం' అని రాయించండి అని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. అది సరైనదేనా? రాజ్యం, ప్రభుత్వం ఒకటేనా? సంస్థకూ వ్యవస్థకూ తేడా ఏమిటి?
– ఒక ఉపాధ్యాయురాలు, అచ్చంపేట

సమాధానం: దయచేసి కొట్టివేయవద్దు. 'సర్కారు' పారసీ మాట. 'సర్' అంటే తల, 'కార్' అంటే పని, అంటే పనులన్నింటికీ తలగా ఉన్నది అని అర్థం. 'ప్రభుత్వం' సంస్కృతం నుంచి వచ్చింది. బయటి నుంచి వచ్చిందన్న కారణంతో ఒకదాన్ని తీసివేస్తే రెండోదీ ఉండకూడదు. అచ్చతెలుగులో 'ఏలుబడి', 'దొరతనం' ఉన్నాయి కదా అనవచ్చు. కానీ దొరల కోటల్లాంటి ఇళ్లయిన గడీల మీద తిరగబడి 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిపిన నల్లగొండ పల్లెల్లో 'దొర' అన్న మాటకు ఉన్న బరువు తెలిసినవారెవరూ, ఓట్లతో ఏర్పడిన పాలనకు 'దొరతనం' అని పేరు పెట్టరు.

'ప్రభుత్వం' అన్న మాట నిర్మాణాన్ని ఒకసారి చూడండి. మానవత్వం, కవిత్వం, బంధుత్వం వంటి మాటల్లాగే ఇదీ 'త్వం' చేరిన భావనామం, అంటే ప్రభువుగా ఉండే గుణం. మానవత్వం ఉత్తర్వు ఇచ్చిందని గాని, బంధుత్వం పన్ను వసూలు చేసిందని గాని మనం అనము. ప్రభుత్వం మాత్రం ఉత్తర్వులిస్తుంది, పన్ను వేస్తుంది, కోర్టుకు వెళుతుంది, ఓడిపోతుంది కూడా. గుణాన్ని చెప్పే మాట పని చేసే కర్తగా మారింది. ప్రభువు అనే మనిషి పక్కకు తప్పుకుని, ఆయన అధికారం పదవులలోకి, దఫ్తరులలోకి, నియమాలలోకి పంచబడ్డాకనే ఈ వాడుక సహజమైంది.

మన పల్లె వాడుక ఈ తేడాను ఇంకా సూక్ష్మంగా పట్టుకుంది. 'పింఛను సర్కారు ఇస్తది' అంటారు. అక్కడ క్రియ అమహత్తు, అంటే మనుషులు కానివాటికి వాడే రూపం, ఏకవచనం. అదే మనుషులు టేపు పట్టుకుని పొలం గట్టు మీదికి వస్తే 'సర్కారోళ్లు కొలవనీకి వచ్చిండ్రు' అంటారు; అక్కడ క్రియ మనుషులకు వాడే బహువచనం. హక్కును ఇచ్చేది సర్కారు, గడప దగ్గరికి వచ్చేవారు సర్కారోళ్లు. పదవి వేరు, ఆ పదవిలో కూర్చున్న మనిషి వేరు అన్న పౌరశాస్త్ర పాఠం ఈ రెండు క్రియలలోనే ఉంది. మీ విద్యార్థిని 'ఇచ్చేది' అని రాయడంలో ఎంత సరైన తెలివి ఉందో గమనించండి.

ఇక రాజ్యం, ప్రభుత్వం ఒకటి కావు. ఎన్నికల తరువాత ప్రభుత్వం మారుతుంది, రాజ్యం ఉండిపోతుంది. రాజ్యాంగం 12వ అధికరణం ప్రకారం, ప్రాథమిక హక్కుల సందర్భంలో, రాజ్యం అంటే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు మాత్రమే కావు. పార్లమెంటు, శాసనసభలు, స్థానిక సంస్థలు కూడా అందులోకి వస్తాయి. కాబట్టి మీ ఊరి గ్రామ పంచాయతీ కూడా ఆ అర్థంలో రాజ్యమే. 'సర్కారు' మాత్రం రెండింటికీ పనికొస్తుంది. పత్రికల శీర్షికలలో 'కొత్త సర్కారు' అంటే ప్రభుత్వం. పాత పహాణీలో, అంటే ఊరి భూముల, సాగు వివరాల రికార్డులో, భూమికి ఎదురుగా 'సర్కారీ' అని ఉంటే ఆ భూమి రాజ్యానిది, ఏ పార్టీదీ కాదు. పాలకుడి సొత్తు వేరు, సర్కారు సొత్తు వేరు అన్న ఎరుక ఈ నేలకు కొత్తది కాదు. నిజాం కాలంలో ఆయన సొంత భూములను సర్ఫెఖాస్ అనీ, సర్కారు భూములను దివానీ అనీ వేరువేరుగా లెక్క కట్టేవారు. 1949లో సర్ఫెఖాస్‌ను దివానీలో కలిపివేశారు.

పహాణీ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఒక కాగితం సమాజాన్ని ఎలా మలుస్తుందో నాకు దానివల్లనే అర్థమైంది. చిన్నప్పుడు మా తాత పెట్టెలోని పహాణీ నకలును నేను బిగ్గరగా చదివి వినిపించేవాణ్ణి. అందులో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు మరో గడి ఉండేవి. భూమి ఎవరి పేరున ఉందో మొదటిది చెబితే, దున్నుతున్నది ఎవరో రెండోది చెప్పేది. 2017, 18 సంవత్సరాల భూరికార్డుల ప్రక్షాళనలో ఆ రెండో గడి పోయింది. 2018 మే నెలలో రైతుబంధు అనే పెట్టుబడి సాయం పథకం మొదలై ఎకరానికి పంటకు 4,000 రూపాయలు పట్టాదారుకు అందాయి. పక్కవాడి చేనును కౌలుకు దున్నేవాడికి అందలేదు. 'కౌలు' అరబ్బీలో 'ఖౌల్', అంటే ఇచ్చిన మాట. నోటిమాట మీద నడిచే సేద్యానికి కాగితంలో గడి లేకపోతే, ఆ రైతు చేనులో ఉన్నా సర్కారు లెక్కలో ఉండడు. మీ విద్యార్థిని 'మా చెలక మాదేనని కాగితం ఇచ్చేది' అని రాసినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఈ గడే.

చివరి సందేహానికి జవాబు చిన్నది. సంస్థ, వ్యవస్థ, సంస్థానం మూడూ 'స్థా' అనే ఒకే ధాతువు నుంచి పుట్టాయి. గద్వాల, వనపర్తి వంటి సంస్థానాల కాలం ముగిసింది కనుక ఆ మాట ఇప్పుడు చరిత్రకు చెందినది. సంస్థకు కార్యాలయం, ముద్ర, ఉద్యోగులు ఉంటారు. వ్యవస్థ అంటే పనులు జరిగే తీరు, కట్టుబాట్ల అమరిక. గ్రామ పంచాయతీ సంస్థ, పంచాయతీరాజ్ వ్యవస్థ. వివాహం వ్యవస్థే గాని సంస్థ కాదు. పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయినా, ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ భూమి లెక్క తెలిసినవాణ్ణి పట్వారీ అనే పిలుస్తారు.

పరీక్షలో ప్రశ్న 'ప్రభుత్వం' అని అడిగితే జవాబులోనూ ఆ మాటే వాడమని పిల్లలకు చెప్పండి. పరిభాషలో నిలకడ అవసరం. ఆ అమ్మాయి వాక్యం పక్కన మాత్రం ఎర్రసిరాతో గీత పెట్టకుండా, 'ప్రభుత్వం' అన్న మాటను దాని పైన పెన్సిలుతో రాయండి.