చలివాగులో కొర్రమట్ట మన పిల్లల దాకా మిగలాలంటే ఏం చేయాలి?

హిమాచల్‌లోని కులూలో, చల్లటి కొండవాగుల్లో ఉండే ట్రౌట్ చేపకి గాలం వేసి వచ్చానని, అక్కడ చలికాలంలో పట్టనివ్వరని, మన చలివాగులో కొర్రమట్టకు అలాంటి పద్ధతి పెట్టుకోలేమా అని మీరు అడిగారు. నేను పరకాల దగ్గర పెరిగినవాణ్ని, గాలం పట్టి ముప్పై ఏళ్లు దాటింది.

ముందు ఒక మాట. ట్రౌట్ మన దేశపు చేప కాదు. 1900 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు స్కాట్లాండ్ నుంచి గుడ్లు తెప్పించి కాశ్మీర్‌లో పెంచారు. అది చలికాలంలో గుడ్లు పెడుతుంది కాబట్టి అప్పుడు పట్టొద్దంటారు. కొర్రమట్ట గుడ్లు పెట్టేది వానకాలంలో. మనమేమో సరిగ్గా వానలు మొదలయ్యే మృగశిర కార్తె నాడే చేప తినాలని ఎగబడతాం!

నాకు పద్నాలుగేళ్లప్పుడు కుంటలో తూటికాడ (నీళ్లలో గుబురుగా పెరిగే మొక్క) పక్కన ఎర్రటి పిల్లల గుంపు కనిపించింది, జల్లెడంత వెడల్పు. దాని కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. తల్లి అంటాం గానీ ఎక్కువగా కాసేది మగదే. గాలి పీల్చడానికి అది అక్కడే పైకి వస్తుంది. కప్పపిల్లను గుచ్చి వేశాను. ఆకలికి కాదు, కోపంతో కొట్టింది. కిలోన్నర. రాత్రి కూర తింటూ బాపు అడిగాడు, "దాని దగ్గర పిల్లలున్నయా?" అని. ఉన్నయన్నాను. ఏం అనలేదు, ముక్క పక్కకు పెట్టాడు. మర్నాడు వెళ్లి చూస్తే కుంటలో ఒక్క ఎర్ర పిల్ల లేదు.

అందుకే ఇప్పుడు కలిసి గాలం వేసే మా నలుగురిదీ ఒకటే కట్టుబాటు: ఎర్ర పిల్లలు కనిపించిన చోట గాలం వేయం.

ఇక వాగు సంగతి. పేరుకే చలివాగు, మే నెలలో నీళ్లు కాలుతుంటాయి. ట్రౌట్ అయితే బతకదు. కొర్రమట్ట వేడినీ, బురదనూ ఓర్చుకుంటుంది, కానీ మడుగు ఉండాలి. ఇసుక తోడేసి, మోటరు పెట్టి మడుగు ఎండగొట్టి పడితే వచ్చే ఏటికి విత్తనమే ఉండదు. నీళ్లలో కరెంటు తీగలు పెట్టడం, విషపు మందు కలపడం గురించి చెప్పక్కర్లేదు, అది నేరం.

పట్టినదాన్ని వదలాలంటే భయం వద్దు. ఇది గాలి పీల్చే చేప, ట్రౌట్‌లా గట్టు మీద వెంటనే చావదు. కొక్కి కొనకున్న ఎదురు ముల్లును ముందే పట్టకారుతో నొక్కేయండి, చేయి తడుపుకోండి. జారితే టెన్షన్ పడకండి, పోయేది నీళ్లలోకే.

చెరువైతే ముందు మత్స్య సహకార సంఘంతో మాట్లాడండి. ఏటా చెరువులో వదిలే రవ్వ, బొచ్చె చేపపిల్లలను కొర్రమట్ట తింటుందని కొందరు దీన్ని ఏరేస్తారు. తెలంగాణ రాష్ట్ర చేప అన్న పేరు మాత్రం దీనిదే! పోయినేడు మేం ఒక కుంటలో తూటికాడ మూల వదిలేయమని అడిగితే సంఘం వాళ్లు నవ్వారు. రవ్వ కంటే కొర్రమట్టకు ఎంత ఎక్కువ ధర పలుకుతుందో లెక్కేసి చెప్పాక ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. ఈసారి ఆ మూల దసరా దాకా ముట్టొద్దని ఆయనే అందరికీ చెప్తున్నాడు.