'24-18 తేడాతో' గెలిచిందనవచ్చా?

సందేహం: యూరప్ దేశాల జాతీయ జట్లు ఆడే బాస్కెట్‌బాల్ పోటీ 'యూరోబాస్కెట్' చరిత్ర మీద ఒక వ్యాసం రాశాను. '1935లో జెనీవాలో జరిగిన మొదటి పోటీ ఫైనల్లో లాట్వియా 24-18 తేడాతో స్పెయిన్‌ను ఓడించింది' అన్న వాక్యంలో 'తేడా' తప్పని మా అన్నయ్య అంటున్నాడు. పేపర్లలో రోజూ ఇలాగే చూస్తున్నాం కదా?

సమాధానం: మీ అన్నయ్యగారి మాటే సరైనది. 24లోంచి 18 తీసేస్తే మిగిలేది 6. తేడా అంటే ఆ ఆరే. 24-18 అనేది స్కోరు. '24-18తో గెలిచింది' అనండి, లేదా '6 పాయింట్ల తేడాతో గెలిచింది' అనండి. ఈ రెండూ కలగలిసి మీ వాక్యం తయారైంది. పదిమందీ వాడే మాటను ఒప్పుకోవాలనే నేనూ అంటాను. కానీ దీన్ని ఒప్పుకుంటే లెక్కే తప్పుతుంది.

మీ వ్యాసంలోనే చూడండి. 1937లో రీగాలో లిథువేనియా ఫైనల్లో ఇటలీని ఓడించింది 24-23తో. 1939లో సొంతగడ్డ కౌనస్‌లో, ఆ పోటీల కోసమే కట్టిన హాల్లో, పొరుగునున్న లాట్వియా మీద 37-36తో గట్టెక్కింది. ఆఖరి క్షణాల్లో గెలుపు బాస్కెట్ వేసిన ప్రానాస్ లూబినాస్ లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన లిథువేనియా సంతతివాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులో ఆడాడు. అలాంటి మ్యాచ్ గురించి 'ఒకే ఒక్క పాయింటు తేడాతో' అని రాస్తే ఆనాటి హాల్లోని టెన్షన్ చదివేవాళ్లకు తెలుస్తుంది. '37-36 తేడాతో' అంటే అసలు చెప్పాల్సిన ఆ 'ఒక్కటి' ఎక్కడా కనపడదు. అన్నట్టు, 1939లో ఫైనల్ అంటూ లేదు, ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఆడింది. కాబట్టి దాన్ని ఫైనల్ అనకండి.

ఇంకో మాట. 2017లో స్లొవేనియా సెర్బియాను 93-85తో ఓడించి తొలిసారి టైటిల్ గెలిచింది. అలాంటి స్కోర్లకు అలవాటు పడ్డవాళ్లు 24-18ని అచ్చుతప్పు అనుకోగలరు. ఆ రోజుల్లో స్కోర్లు తక్కువగా ఉండటానికి కారణాలున్నాయి. 1935లో బాస్కెట్ పడ్డ ప్రతిసారీ ఆట మళ్లీ మధ్యనుంచి మొదలయ్యేది. ఇంతలోపు బంతి వేసి తీరాలన్న గడువూ లేదు. 30 సెకన్ల నిబంధన వచ్చింది 1956లో. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు ఇచ్చే గీత 1984లో. వ్యాసంలో ఈ వివరం చేర్చండి.

మరి క్రికెట్‌లో '5 వికెట్ల తేడాతో' అంటున్నాం కదా, అది రెండు జట్ల వికెట్ల మధ్య తేడా కాదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. చేతిలో ఇంకా ఎన్ని వికెట్లున్నాయో చెప్పడానికి ఆ మాట స్థిరపడిపోయింది. అక్కడ చెప్పేది ఒకే అంకె కాబట్టి ఎవరూ పొరపడరు. దాన్ని నేను దిద్దను.

స్కోరు రాసేటప్పుడు వరస కూడా చూసుకోవాలి. వాక్యంలో ఎవరి గురించి చెబుతున్నామో వాళ్ల అంకె ముందు రావాలి. స్పెయిన్ గురించి చెబితే '18-24తో ఓడింది' అనాలి. తేడాకైతే ఈ వరసతో పనిలేదు, ఎటునుంచి చెప్పినా అది ఆరు పాయింట్లే.