స్ప్రే వేసిన పావుగంటకే మోడల్ కారు రంగు పాలిపోతోంది, ఎందుకు?

ప్రశ్న బరంపురం నుంచి వచ్చింది. 1966 నాటి వోక్స్‌వ్యాగన్ బీటిల్, అసలు కారులో 24వ వంతు (1/24) సైజు ప్లాస్టిక్ కిట్. డబ్బా స్ప్రేతో లాకర్ (ఘాటైన థిన్నర్‌తో చేసిన, త్వరగా ఆరే) పెయింట్ వేస్తే కాసేపట్లోనే పైన పాలపొర కట్టింది. పెయింట్ నకిలీదా? రంగంతా తీసేయాలా? కిటికీల చుట్టూ, పక్కన నడుం పట్టీకి క్రోమ్ ఎలా వేయాలి?

పెయింట్ మంచిదే, తేడా గాలిలో ఉంది. లాకర్‌లోని థిన్నర్ చాలా వేగంగా ఆరుతుంది, ఆరుతూ ప్లాస్టిక్‌లోని వేడిని లాగేస్తుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, గాలిలో తేమ 85 శాతం ఉన్నరోజు మంచుబిందు ఉష్ణోగ్రత, అంటే గాలిలోని తేమ నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రత, సుమారు 27 డిగ్రీలు. అంటే బాడీ మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, తడి పెయింట్ మీద కంటికి కనబడని నీటి తుంపర పడుతుంది. ఆ నీరు లోపల చిక్కుకుంటేనే తెల్లదనం. అదే 30 డిగ్రీల్లో తేమ 50 శాతమే ఉంటే మంచుబిందు 18 దగ్గరికి దిగుతుంది, భయం లేదు. గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆషాఢం నుంచి దసరా వెళ్లేదాకా లాకర్ జోలికి పోవద్దనే చెబుతాను. ఆ నెలల్లో ఛాసీ, ఇంజిన్, సీట్లు కట్టుకోండి, వాటికి నీటి ఆధారిత ఆక్రిలిక్ రంగు బ్రష్‌తో వేసుకోవచ్చు. బాడీ రంగు కార్తీకం నుంచి మాఘం దాకా, ఎండ బాగా ఎక్కాక పదకొండు నుంచి మూడు మధ్య వేయండి. ఒక చిన్న తేమ మీటరు కొనుక్కోండి. 65 శాతం దాటితే ఆ రోజుకి డబ్బా మూత తీయొద్దు.

చాలామంది తెలియక చేసే తప్పు ఇంకొకటుంది. బాడీని ఏసీ గదిలో ఉంచి, రంగు వేయడానికి బాల్కనీలోకి తెస్తారు. 22 డిగ్రీల ప్లాస్టిక్ ఆ గాలిలోకి రాగానే ఫ్రిజ్ నుంచి తీసిన చెంబులా చెమర్చుతుంది. బయట అరగంట ఉంచి, మెత్తని బట్టతో తుడిచి, అప్పుడు మొదలుపెట్టండి. కొరాపుట్, జయపురం వైపు కొండల్లో చలికాలం సమస్య వేరు. డబ్బాలో ఒత్తిడి తగ్గి పెయింట్ చుక్కలు చుక్కలుగా కక్కుతుంది. గోరువెచ్చని నీళ్లలో, చేయి పెట్టగలిగేంత వేడిలో, పది నిమిషాలు డబ్బాను నిలబెట్టండి. పొయ్యి దగ్గర మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇప్పుడు పాడైన బాడీ సంగతి. తీసేయాల్సిన పని ఇంకా రాలేదు. పొడిగా ఉన్న రోజు చూసి అదే పెయింట్ ఒక తడి కోటు, అంటే పైన తడి మెరిసేలా నిండుగా, వేయండి. కొత్త థిన్నర్ పాతపొరను కరిగిస్తుంది, లోపలి తేమకు దారి దొరుకుతుంది, తెలుపు చాలావరకు పోతుంది. ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లే పెన్ను) ఉంటే నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్‌ను పల్చగా పొగలా కొట్టినా చాలు. తెలుపు పైనున్న క్లియర్ కోటు (రంగులేని పైపూత)లోనే ఉంటే పాలిష్‌తో పోవచ్చు. మెటాలిక్ రంగులో వస్తే పాలిష్ పనికిరాదు, మళ్లీ కోటు వేయాల్సిందే. ఏదీ కుదరకపోతే గ్లవ్స్ తొడుక్కుని, డాట్ 3 బ్రేక్ ఆయిల్‌లో బాడీని రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు కడగండి. హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ థిన్నర్‌తో తుడిచారో, ప్లాస్టికే కరిగిపోతుంది.

మళ్లీ వేసేటప్పుడు వరస ఇది. అచ్చు గీతలను 600, తర్వాత 1000 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) తీసేయండి. బీటిల్ బాడీ అంతా వంపులే కాబట్టి గీత మిగిలితే దూరం నుంచే కనబడుతుంది. మిస్టర్ సర్ఫేసర్ 1000 లాంటి ప్రైమర్ (రంగు కింద వేసే తొలిపూత) వేసి, ఒకరోజు ఆరాక 1500తో తేలిగ్గా రుద్దండి. రంగు డబ్బాను 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, బాడీ బయట నొక్కడం మొదలుపెట్టి బయటే ఆపండి. ముందు రెండు పొడి కోట్లు (పల్చగా చిలకరించినట్టు), పది పదిహేను నిమిషాల ఎడం, ఆపైన రెండు తడి కోట్లు. వంద మిల్లీలీటర్ల తామియా డబ్బాతో ఒక బాడీకి సులువుగా సరిపోతుంది. లాకర్ కింద ఎనామెల్ (నెమ్మదిగా ఆరే మరో రకం పెయింట్) ఉండకూడదు, ముడతలు పడుతుంది. లాకర్ మీద ఎనామెల్ ఫరవాలేదు. పాలిష్ తొందర కూడా వద్దు. మన తేమలో రెండు వారాలు ఆగి, 3000 నంబరు కాగితం నుంచి పైకి వెళ్లండి. మడ్‌గార్డ్ అంచులను కాగితంతో అసలు తాకొద్దు, అక్కడ పెయింట్ పల్చగా ఉంటుంది, రెండు రుద్దులకే ప్రైమర్ బయటపడుతుంది.

క్రోమ్ పట్టీలకు వెండి రంగు బ్రష్ నాకు నచ్చదు, దగ్గరినుంచి చూస్తే బూడిదరంగులా ఉంటుంది. వెనక జిగురు ఉండే పల్చని బేర్ మెటల్ ఫాయిల్ వాడండి. పట్టీ వెడల్పుకు మూడింతలు కత్తిరించి, పరిచి, టూత్‌పిక్ చుట్టూ దూది చుట్టి మధ్యనుంచి బయటికి నొక్కుతూ గాడిలోకి దింపండి. తర్వాత మెడికల్ షాపులో దొరికే 11 నంబరు సర్జికల్ బ్లేడుతో గీత వెంట కోయండి. బ్లేడు బరువు తప్ప చేతి బరువు పడకూడదు. రెండు మూడు పట్టీలకొక కొత్త బ్లేడు. మొద్దుబారిన బ్లేడు ఫాయిల్‌ను కోయదు, లాగి చింపుతుంది, కింద రంగును గీకుతుంది. బొమ్మల దుకాణంలో దొరికే ప్లాస్టిక్ అంబాసిడర్ మీద ముందు చేయి తిప్పుకుంటే కిట్ పాడవదు.

ఇంజిన్ మూత తెరిచి ఉంచాలనుకుంటే స్పార్క్ ప్లగ్ వైర్లు దారంతో వేయొద్దు, నూగు కనబడుతుంది. అసలు వైరు 7 మిల్లీమీటర్లయితే 1/24లో 0.3. మోటారు రీవైండింగ్ షాపులో ఆ మందం రాగితీగ మూర ముక్క అడిగితే ఇస్తారు. దానికి నల్లరంగు వేసి, నాలుగు సిలిండర్లకు నాలుగు, కాయిల్‌కు ఒకటి, మొత్తం అయిదు ముక్కలు.

అద్దాలకు ఫెవిక్విక్ వాడొద్దు. దాని ఆవిరి తేమతో కలిసి అద్దం మీద తెల్లని బూజులా పట్టేస్తుంది, లోపలివైపు పడితే తుడవడం కష్టం. టూత్‌పిక్ కొనతో ఫెవికాల్ చుక్కలు అంచుల్లో పెట్టండి, ఆరితే కనబడదు, ఎక్కువైతే తడిబట్టతో పోతుంది. వానాకాలంలో మాత్రం ఆరడానికి రాత్రంతా వదిలేయండి, అప్పటిదాకా బాడీని ఛాసీకి బిగించవద్దు.