జెడ్పీ ఛైర్మన్‌ను ఎవరు ఎన్నుకుంటారు? మా అమ్మ చెయ్యెత్తిన రోజు

"జిల్లా పరిషత్‌లు ఎలా వచ్చాయి, వాటిలో ఏ పార్టీ బలం ఎంతన్నది ఎలా తేలుతుంది, ఇప్పుడు వాటి వల్ల ఏమైనా ఉపయోగం ఉందా?" అని అడిగారు.

మా అమ్మ 2006 నుంచి ఐదేళ్లు జెడ్పీటీసీ సభ్యురాలిగా, అంటే మా మండలం నుంచి జిల్లా పరిషత్‌కు ఎన్నికైన మనిషిగా చేసింది. ఆ ఐదేళ్లూ దగ్గరుండి చూశాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జిల్లా పరిషత్ ఛైర్మన్‌ను జనం నేరుగా ఓటేసి ఎన్నుకున్నది 1987లో ఒక్కసారే. ఆ పద్ధతి తీసేసిన రోజే జిల్లా పరిషత్ సగం చచ్చిపోయింది. మిగతా సగాన్ని క్యాంపులు, అంటే ఛైర్మన్ ఎన్నిక దాకా సభ్యుల్ని ఎక్కడో దాచి ఉంచడం, చంపేశాయి.

మా మండలం సీటు ఆసారి బీసీ మహిళకు రిజర్వ్ అయింది. అమ్మ అప్పటికే డ్వాక్రా గ్రూపు లీడర్, ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి. పార్టీవాళ్లు వచ్చి మాట్లాడింది మాత్రం నాన్నతో. అమ్మ కాఫీ తెచ్చి ఇచ్చేసరికి అంతా ఖరారైపోయింది. నిలబడింది, గెలిచింది. గెలిచిన ఆనందం రెండు రోజులు కూడా లేదు. మూడో రోజు పొద్దున్నే ఇంటి ముందు కారు ఆగింది, "క్యాంపుకెళ్లాలమ్మా, రెండు జతల బట్టలు చాలు" అన్నారు. అమ్మకు బీపీ ఉందని, తోడుగా నన్నూ ఎక్కించారు. నేను డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను.

రెండు జతలు చాలన్నవాళ్లు తొమ్మిది రోజులు ఉంచారు. పక్క రాష్ట్రంలో ఓ రిసార్టు. బస్సులోనే ఫోన్లు తీసేసుకున్నారు. ఆడవాళ్లకు ఇచ్చిన గదిలో నలుగురు సభ్యులు, ఒకామెకు చంకలో ఏడు నెలల బిడ్డ. మూడో రాత్రి ఆ బిడ్డకు జ్వరం వస్తే, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడానికి కూడా వెంట ఇద్దరు మనుషులు. ఇంకొకామె అయితే రోజూ కిటికీ దగ్గర నిలబడి ఆకాశం చూసేది, "అక్కడ వాన పడిందో లేదో, నారుమడికి నీళ్లు ఎవరు పెడుతున్నారో" అని. గెలిచిన మనుషుల్ని ఇలా దాచిపెట్టడం ఏమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడు తలుచుకున్నా కడుపు మండుతుంది.

అమ్మ ప్రతి రాత్రీ భోజనాల దగ్గర మమ్మల్ని చూసుకునే నాయకుణ్ణి ఒకటే అడిగేది. "అన్నా, ఇంతకీ ఛైర్మన్ ఎవరు?"

"పైనుంచి కవర్ వస్తుందమ్మా" అనేవాడు.

ఎన్నిక రోజు అర్ధరాత్రి దాటాక బస్సు బయల్దేరింది. ఊరి బయట ఓ కల్యాణ మండపంలో ఆపి స్నానాలు చేయించారు. ఇడ్లీ పొట్లాలు ఇచ్చి, విప్ కాగితం, అంటే పార్టీ చెప్పినవాళ్లకే ఓటెయ్యాలన్న ఆదేశం, మీద సంతకాలు పెట్టించుకున్నారు. విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. అప్పుడు కవర్ విప్పి పేరు చదివారు. సభ్యుల వెంట వచ్చినవాళ్లను జెడ్పీ హాల్లోకి రానివ్వలేదు కాబట్టి నేను వరండా కిటికీలోంచి చూశాను. ముందు కో-ఆప్టెడ్ సభ్యుల (జనం ఓటుతో కాకుండా, సభ్యులే చేర్చుకునేవాళ్ల) ఎన్నిక, తర్వాత ఛైర్మన్ ఎన్నిక. రహస్య ఓటు కాదు, చేతులెత్తడమే. అధికారి వరసవారీగా లెక్కపెట్టి, మళ్లీ మొదటి నుంచి ఇంకోసారి లెక్కపెట్టారు. అమ్మ ఎడమ చేత్తో మోచెయ్యి పట్టుకుని మరీ కుడి చెయ్యి అలాగే ఎత్తి ఉంచింది. అయిపోయాక బయట దండలు, టపాకాయలు. మెట్లు దిగి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "ఆయనది ఏ మండలమే?"

ఇదే అమ్మ 1987లో మామూలు ఓటరు. నేను నెలల పిల్లని, నన్ను చంకనేసుకుని వెళ్లి మండలాధ్యక్షుడికి ఒక ఓటు, జిల్లా పరిషత్ ఛైర్మన్‌కు ఒక ఓటు వేసొచ్చింది. ఛైర్మన్‌గా నిలబడినాయన జీపులో మా ఊరి సెంటర్‌కొచ్చి, రోడ్డు వేయిస్తానని మాట్లాడితే విన్నానని ఇప్పటికీ చెబుతుంది. ఓటరుగా ఉన్నప్పుడు ఆమెకు తెలిసినంత కూడా, సభ్యురాలై హాల్లో కూర్చున్నప్పుడు తెలియలేదు. ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

ఇక చరిత్ర. బ్రిటిష్ కాలంలో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న మన జిల్లాల్లో జిల్లా బోర్డులు ఉండేవి. 1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ మూడంచెల వ్యవస్థ పెట్టమంది. 1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ దాన్ని ప్రారంభించారు, అదే నెల 11న మన షాద్‌నగర్‌లో. దేశంలో మొదటిది షాద్‌నగరే అని మనవాళ్లు చాలామంది రాస్తుంటారు, అది తప్పు. అప్పట్లో మూడంచెలంటే ఊరికి పంచాయతీ, దాని పైన సమితి, జిల్లాకు జిల్లా పరిషత్. పనులూ నిధులూ ఎక్కువగా సమితి చేతిలో, పరిషత్‌ది పైనుంచి చూసుకునే పాత్ర. పైగా ఒక్కో రంగం పనులు చూసే జిల్లా పరిషత్ స్థాయీ సంఘాలకు కలెక్టరే అధ్యక్షుడు. పుట్టుకలోనే అధికారి చెయ్యి పైన ఉందన్నమాట.

ఎన్టీఆర్ వచ్చి తాలూకాలు, సమితులు తీసేసి మండలాలు పెట్టారు. 1986 చట్టంతో మండల ప్రజా పరిషత్‌లు, జిల్లా ప్రజా పరిషత్‌లు వచ్చాయి. ఆ చట్టం కిందే 1987 ఎన్నిక. మండలాల గురించి అందరూ గుర్తుపెట్టుకున్నారు కానీ, ఛైర్మన్‌కు జనం నేరుగా ఓటేసిన సంగతి ఎవరూ మాట్లాడరు. తర్వాత పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, దాన్ని అనుసరించి 1994లో మన పంచాయతీరాజ్ చట్టం. మండలానికొక జెడ్పీటీసీ అన్నది అప్పటి నుంచే. జిల్లా స్థాయిలో అధ్యక్షుణ్ణి సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలని ఆ సవరణే చెప్పింది, కాబట్టి నేరుగా ఎన్నిక మళ్లీ కావాలంటే రాజ్యాంగమే మార్చాలి. మార్చాలనే నేనంటాను. ఆ సవరణ వల్లే మా అమ్మలాంటివాళ్లకు సీట్లు వచ్చాయన్నది నిజం, దానికి దండం పెడతాను. కానీ ఒక చేత్తో సీటిచ్చి ఇంకో చేత్తో క్యాంపుకు తోలింది.

పార్టీల బలం సంగతికొస్తే, సర్పంచ్ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు, ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యులు), జెడ్పీటీసీలకు ఉంటాయి. గులాబీ బ్యాలెట్ ఎంపీటీసీకి, తెల్లది జెడ్పీటీసీకి. ఎమ్మెల్యేలు, ఎంపీలు సమావేశాలకు వస్తారు కానీ ఛైర్మన్ ఎన్నికలో వాళ్లకు ఓటు లేదు. కాబట్టి జెడ్పీటీసీల లెక్కే పార్టీ బలం. ఆ లెక్క ఎంత నిలకడగా ఉంటుందో 2014 నెల్లూరు చూడండి. 46 స్థానాల్లో వైఎస్సార్‌సీపీకి 31, తెలుగుదేశానికి 15 వచ్చాయి. ఓట్లు వేసింది ఏప్రిల్‌లో, రాష్ట్రంలో ఎవరు గెలుస్తారో తెలియనప్పుడు. ఛైర్మన్ ఎన్నిక జులైలో, తెలుగుదేశం ప్రభుత్వం వచ్చాక. అప్పటికి లెక్క చెరో 23 అయింది! చివరికి లాటరీ తీస్తే వైఎస్సార్‌సీపీకి వచ్చింది. జిల్లా జనం స్పష్టంగా చెప్పిన తీర్పు చీటీ దాకా వెళ్లింది.

తెలంగాణలో 2019లో 32కి 32 జిల్లా పరిషత్‌లూ టీఆర్‌ఎస్‌వి. ఆంధ్రలో 2021లో 13కి 13 వైఎస్సార్‌సీపీవి. ఆ ఎన్నికలను తెలుగుదేశం బహిష్కరించిందన్నదీ గుర్తుపెట్టుకోవాలి. ఏప్రిల్ 8న పోలింగ్ జరిగితే, కోర్టు కేసులతో లెక్కింపు సెప్టెంబర్ 19న. నెల్లూరులాంటివి వదిలేస్తే, ఏ పార్టీ అధికారంలో ఉంటే జెడ్పీలు దాదాపు ఆ పార్టీవే. ఛైర్మన్‌కు నేరుగా ఓటుంటే ఎదుటి పార్టీలకు ఇన్ని సున్నాలు రావని నా గట్టి నమ్మకం. 2022లో ఆంధ్రలో జిల్లాలు 26 చేశారు, జిల్లా పరిషత్‌లు మాత్రం పాత 13 హద్దులతోనే నడిచాయి. కలెక్టర్ ఒక జిల్లాకు, ఛైర్మన్ రెండు మూడు జిల్లాలకు. ఎవరికి అర్జీ పెట్టుకోవాలో జనానికి ఎలా తెలుస్తుంది?

ఉపయోగం ఉందా అన్నారు. మీరు చదివిన బడి గేటు మీద "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అని ఉందేమో చూడండి, లక్షల మంది పిల్లల బళ్లవి. కానీ 14వ ఆర్థిక సంఘం సిఫార్సుతో కేంద్రం స్థానిక సంస్థలకిచ్చిన డబ్బు 2015 నుంచి ఐదేళ్లు గ్రామ పంచాయతీలకే వెళ్లింది, జిల్లా పరిషత్‌కు పైసా లేదు. డబ్బు లేని సంస్థను పట్టుకుని పని చేయలేదంటే ఎలా?

మా మండలం హైస్కూల్లో ఆడపిల్లల బాత్రూములకు నీళ్లుండేవి కావు. ట్యాంకు ఉంది, మోటారు లేదు. నెలలో ఆ నాలుగు రోజులు పిల్లలు బడికి రావడం లేదని హెడ్‌మిస్ట్రెస్ అమ్మతో చెప్పారు. మూడు నెలలకోసారి జరిగే సర్వసభ్య సమావేశంలో అమ్మ దీన్ని ఐదుసార్లు అడిగింది. పొద్దున్నుంచీ ఎమ్మెల్యేలే మాట్లాడతారు, మైకు అమ్మ దగ్గరికొచ్చేసరికి భోజనాల వేళ. మొదటిసారి లేచి నిలబడితే ఓ అధికారి "మీవారు రాలేదామ్మా?" అన్నాడట. గెలిచిన ఆడమనిషిని పట్టుకుని భర్తను వెతికే ఈ అలవాటు ఎప్పుడు పోతుందో. ఐదుసార్లూ ఒకటే జవాబు, "అంచనాలు తయారవుతున్నాయి". ఆరోసారి అమ్మ హెడ్‌మిస్ట్రెస్ దగ్గర హాజరు పట్టీ కాపీ తీసుకెళ్లి, ఎనిమిదో తరగతి ఆడపిల్లల పేర్ల ఎదుట పడిన గైర్హాజరు గుర్తులు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. నాలుగో పేరు దగ్గరికొచ్చేసరికి హాలు నిశ్శబ్దమైపోయిందట. ఆ నెలాఖరుకు మోటారు వచ్చింది.

2014లో మా సీటు జనరల్ అయినా, మళ్లీ నిలబడమని పార్టీవాళ్లు వచ్చారు. ఈసారి అమ్మే ముందు గదిలో కూర్చుని మాట్లాడింది. "ఛైర్మన్ ఎవరో ఇప్పుడే చెప్పండి, నిలబడతాను" అంది. తర్వాత చెబుతామన్నారు. కాఫీ ఇచ్చి పంపించేసింది.