ఉచితంగా చదవనిస్తే హక్కు పోతుందా?

ప్రశ్న: కోలారు జిల్లా పల్లెల్లో తెలుగువారు పాడుకునే పాటలపై నేను ఇంగ్లీషులో రాసిన పరిశోధన గ్రంథాన్ని విదేశంలోని ఒక యూనివర్సిటీ ప్రెస్ ప్రచురణకు స్వీకరించింది. ఓపెన్ యాక్సెస్ పద్ధతిలో, అంటే ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకునేలా విడుదల చేస్తామంటున్నారు. పదేళ్ల శ్రమపై నా హక్కు పోతుందా? ఖర్చు నేనే పెట్టుకోవాలా?
– ఒక అధ్యాపకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: హక్కు పోదు. కాపీరైట్ మీ పేరిటే ఉంటుందని ఒప్పందంలో రాయించుకోండి; పాఠకులకు మీరిచ్చేది లైసెన్సు, అంటే వాడుకునే అనుమతి మాత్రమే. ముద్రిత ప్రతులు మామూలుగానే అమ్ముడవుతాయి కనుక వాటిపై రాయల్టీ సంగతి విడిగా మాట్లాడుకోవచ్చు.

ఖర్చు మాత్రం నిజమైనదే. పాఠకుడు డబ్బు కట్టకపోయినా ప్రచురణకు ముందు నిపుణులు చేసే సమీక్షకు, ఎడిటింగుకు, పేజీల కూర్పుకు ఎవరో ఒకరు కట్టాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్ 2015లో ప్రారంభించిన లూమినోస్ అనే ఓపెన్ యాక్సెస్ పుస్తకాల పథకంలో ఆ భారాన్ని రచయిత పనిచేసే సంస్థ, గ్రంథాలయాలు, ప్రెస్ పంచుకుంటాయి. కూచిపూడిలో పురుషులు ధరించే స్త్రీవేషాలపై 2019లో వచ్చిన పరిశోధన గ్రంథం అలా వెలువడినదే. కృష్ణా జిల్లా విద్యార్థి దాన్ని ఈరోజే ఉచితంగా దించుకోవచ్చు. ఎంఐటీ ప్రెస్ 2021లో ప్రకటించిన పద్ధతిలో గ్రంథాలయాలు కలిసి చెల్లిస్తాయి. మీ ప్రెస్ రుసుము అడిగితే మినహాయింపు ఉందేమో నిస్సంకోచంగా అడగండి. సమీక్ష జరగకముందే డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

మీరు ఎక్కువగా ఆలోచించవలసింది లైసెన్సు గురించి. క్రియేటివ్ కామన్స్ అంటే హక్కు తమ దగ్గరే ఉంచుకుని ఇతరులకు అనుమతి ఇవ్వడానికి రచయితలు వాడే సిద్ధ లైసెన్సులు; ఇవి 2002లో మొదలయ్యాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న ఈ లైసెన్సులన్నిటిలో మీ పేరు చెప్పి తీరాలన్న షరతు ఉంటుంది. దానికి ‘నో డెరివేటివ్స్’ (మార్చిన రూపాలను పంచకూడదు) అన్న షరతు చేర్చితే మీ అనుమతి లేకుండా ఎవరూ అనువాదాన్ని ప్రచురించకూడదు. జాగ్రత్త కోసమని చాలామంది దీన్నే ఎంచుకుంటారు. మీకు నేను ఆ సలహా ఇవ్వలేను. ఆ పాటలు పాడినవారి ఇళ్లలో మాట్లాడేది తెలుగు, వారి పిల్లలు బడిలో చదివేది కన్నడం, ఇంగ్లీషు పుస్తకం ఆ గడప దాటి లోపలికి వెళ్లాలంటే అనువాదమే దారి. వ్యాపారానికి వాడుకుంటారన్న భయముంటే ‘నాన్ కమర్షియల్’ షరతు పెట్టండి. అప్పుడు అనువాదం చేసి ఉచితంగా పంచవచ్చు గాని, అమ్మదలచినవారు మిమ్మల్ని అడగాలి. ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కు తీసుకోలేరు కనుక సంతకానికి ముందే ఇది తేల్చుకోండి.

మరొక మాట, మీరు అడగనిది. గాయకులు రికార్డింగుకు ఒప్పుకున్నది మీ పరిశోధన కోసం. ప్రపంచంలో ఎవరైనా దించుకోగల పుస్తకంలో తమ పేర్లు, ఫొటోలు ఉండవచ్చునా అని ఆ పల్లెలకు మరోసారి వెళ్లి, వారి భాషలోనే వివరించి అడిగి రండి.